కార్డుకూ ఒక బాల్ టోకెన్

విశాఖపట్నం నుంచి వచ్చిన వాట్సాప్ సందేశంలో రెండు ఫొటోలున్నాయి. ఒకటి క్రెడిట్ కార్డు ముందువైపు, రెండోది వెనకవైపు. కింద ఒక మాట: "అమ్మా, నాకీ వెబ్‌సైట్లూ అవీ రావు. నువ్వే కొట్టేసుకో. ఓటీపీ రాగానే ఫోన్ చేసి చెప్తాను."

మా వదిన ఆ ఫోన్ నా ముందుపెట్టి మురిసిపోయింది. "చూశావా, ముఖం కూడా చూడని మనిషి. ఎంత నమ్మకమో!"

వదిన అంటే మావయ్య కూతురు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే పుట్టి పెరిగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఈ ఊరే ప్రధాన కేంద్రమయ్యాక ఆ బంధం ఇంకాస్త బిగిసింది. బుధవారీ బజార్‌లో కూరలు బేరమాడుతుంటే పక్కనుంచి తెలుగు వినబడడం ఇక్కడ వింతేమీ కాదు. పక్కనే ఉన్న చాంపాలో నేసే కోసా పట్టు చీరలు తెచ్చి ఇంటర్నెట్‌లో అమ్మడం వదిన వ్యాపారం. కొనేవాళ్లలో ఎక్కువమంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, కొందరు అమెరికాలో.

"ఫొటోలు తీసెయ్ వదినా. ఆవిడకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించుకోమను" అన్నాను.

వదిన ముఖం చిన్నబోయింది. "అంటే నేను దొంగనా?"

దొంగ వదిన కాదు. కానీ ఆ ఫొటోలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెడదామన్నాను. పంపినావిడ ఫోన్‌లో ఉన్నాయి, వదిన ఫోన్‌లో ఉన్నాయి. రెండు ఫోన్ల గ్యాలరీలూ ఇంటర్నెట్‌లో దాచుకునే నకళ్లలో ఉన్నాయి. పార్సిళ్లు కట్టే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో వదిన వాట్సాప్ తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడా ఉన్నాయి. ఒక్క చీర కొనబోతే కార్డుకి ఇన్ని నకళ్లు పుట్టాయి. వీటిలో ఏ ఒక్కటి పోయినా, "నీకే కదా పంపాను" అని ఆవిడ అడిగేది వదిననే.

ఇంతకీ ఆ ఫొటోలో ఉన్నదేమిటి? పదహారు అంకెలు ఒకే వరుసలో కనబడతాయి కానీ వాటిలో ముక్కలున్నాయి. మొదటి అంకె 4 అయితే వీసా, 5 అయితే సాధారణంగా మాస్టర్‌కార్డ్. మన రూపే కార్డుల్లో చాలావాటికి 6. మొదటి ఆరో ఎనిమిదో అంకెలు కలిపి చూస్తే కార్డు ఇచ్చిన బ్యాంకు ఏదో తెలుస్తుంది. తర్వాతివి ఆ బ్యాంకులో ఆ కార్డుకే చెందినవి. చివరి అంకె మాత్రం ఎవరిదీ కాదు. మిగతా పదిహేనూ సరిగా రాశామో లేదో చూసుకోవడానికి పెట్టిన కాపలా అంకె అది.

దాని లెక్క కాగితం మీద చేసి చూడొచ్చు. పేమెంట్ సంస్థలు పరీక్షల కోసం వాడే ఉత్తుత్తి నంబర్ ఒకటుంది: 4111 1111 1111 1111. కుడి చివర నుంచి ఎడమకి వస్తూ ఒక అంకె విడిచి ఒక అంకెని రెట్టింపు చెయ్యాలి. రెట్టింపు చేసింది 9 దాటితే దాని రెండంకెలనీ కూడి ఒకటి చెయ్యాలి. ఇక్కడ ఏడు ఒకట్లు రెండ్లవుతాయి, మొత్తం 14. మొదటి 4 కాస్తా 8 అవుతుంది. ముట్టుకోని ఒకట్లు ఎనిమిది. 14, 8, 8 కలిపితే 30. పదితో నిశ్శేషంగా పోయింది కాబట్టి నంబర్ సరైనదే. ఏ ఒక్క అంకె మార్చినా లెక్క తప్పుతుంది. ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ ఈ పద్ధతికి 1954లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాడు, 1960లో వచ్చింది.

మావయ్య పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరైన మనిషి, లెక్క అనగానే చెవులు నిక్కుతాయి. "మా వ్యాగన్ నంబరూ ఇంతే కదురా. పదకొండు అంకెలు, పదకొండోది చెక్ డిజిట్" అన్నాడు. నిజమే. కోర్బా బొగ్గు మోసుకుంటూ బిలాస్‌పూర్ యార్డు దాటే ప్రతి వ్యాగన్ మీదా అలాంటి కాపలా అంకె ఉంటుంది.

అయితే ఈ కాపలా చెయ్యి జారి రాసిన తప్పుని పట్టుకుంటుందే తప్ప దొంగని పట్టుకోదు. పై లెక్క తెలిసినవాడు అలాంటి నంబర్లు ఎన్నైనా పుట్టించగలడు. కార్డుల వ్యవస్థలోని అసలు లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కార్డు నంబర్ ఒక పేరు లాంటిది. దుకాణంలో, హోటల్లో, ఫోన్‌లో నలుగురికీ చెప్పేది. దాన్నే తాళంచెవిగా కూడా వాడారు. నలుగురికీ తెలియాల్సిన పేరూ, ఎవరికీ తెలియకూడని తాళంచెవీ ఒకటే అయితే ఏమవుతుందో లోకమంతా చూసింది. 2013 చివర్లో అమెరికాలో టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. మన దేశంలో 2016లో ఏటీఎంల వైపు జరిగిన చోరీ బయటపడ్డప్పుడు 32 లక్షల డెబిట్ కార్డులు ప్రమాదంలో పడ్డాయి.

వెనకవైపు మూడంకెల సీవీవీ ఈ లోపానికి వేసిన తొలి అతుకు. కార్డు నంబర్, గడువు తేదీ, మరో చిన్న సంకేతం తీసుకుని, తన రహస్య తాళంతో బ్యాంకు లెక్క కట్టి తెచ్చే అంకెలవి. అయస్కాంత పట్టీలో ఈ మూడంకెలు ఉండవు. కాబట్టి పట్టీని గీకి నకలు తీసినవాడికి ఇవి దొరకవు. అందుకే చెల్లింపు పూర్తయ్యాక ఏ దుకాణమూ, ఎంత గట్టి తాళం వేసైనా సరే, వీటిని దాచుకోకూడదని కార్డు సంస్థల ఉమ్మడి నియమావళి పీసీఐ డీఎస్ఎస్ చెబుతుంది. విశాఖ ఆవిడ ఆ మూడంకెలూ ఫొటో తీసి పంపింది.

"ఓటీపీ లేకుండా ఏం చేస్తార్లే?" అంది వదిన.

ఆ ధీమా కొంతవరకు నిజమే. ఇంటర్నెట్‌లో కార్డుతో డబ్బు కట్టేటప్పుడు కార్డు మీద లేని ఇంకో రుజువు కూడా అడగాలని రిజర్వ్ బ్యాంక్ 2009 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. చాలా దేశాలకన్నా మనం ముందున్నాం ఇందులో. ఆ రెండో రుజువే మనందరికీ అలవాటైన ఓటీపీ. ఇదేమిటో నేను వివరించబోతే మావయ్య చెయ్యి అడ్డుపెట్టాడు.

"ప్రైవేట్ నంబర్" అన్నాడు.

పక్క స్టేషన్‌తో ఫోన్‌లో మాట్లాడి రైలుకి సంబంధించిన అనుమతి ఇచ్చేటప్పుడు, ఉత్త మాట సరిపోదు. స్టేషన్ మాస్టర్ దగ్గర ఒక కాగితం ఉంటుంది, దాని నిండా ఒక వరుసంటూ లేని రెండంకెల సంఖ్యలు. అనుమతితో పాటు అందులోంచి ఒక సంఖ్య చెప్పాలి. అవతలివాడు దాన్ని రిజిస్టర్‌లో రాసుకోవాలి. చెప్పిన సంఖ్యని అక్కడికక్కడే కొట్టెయ్యాలి, మళ్లీ వాడకూడదు. ఆ కాగితం ఇంకొకరి చేతికివ్వకూడదు. "నేను ముప్ఫై ఏళ్లు ఓటీపీలు ఇచ్చానురా, పేరే తెలీదు" అని నవ్వాడు మావయ్య. తర్వాత కూతురి వైపు తిరిగి, "కానీ నా కాగితంలో నంబర్ పాయింట్స్‌మన్‌కి చెప్పి చదివించానంటే ఉద్యోగం పోయేదే. ఆవిడ ఓటీపీ నీకు చెప్తానంటోంది కదే" అన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఓటీపీ అడిగి తెలుసుకునే దుకాణం, దాన్ని నడిపేది ఎంత మంచి మనిషైనా, కొనేవాళ్లకి మోసగాళ్ల అలవాటే నేర్పుతోంది. ఇంకొక చిక్కూ ఉంది. బ్యాంకు తప్పైతే ఖాతాదారుకి నష్టం ఉండకూడదని, మూడోవాళ్ల తప్పైతే సమాచారం తెలిసిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవాళ్లకి నష్టం ఉండకూడదని 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. తన వివరాలు తానే ఎవరికో ఇచ్చి పోగొట్టుకుంటే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం తనదే. ఆవిడ ఫొటోలు పంపిన క్షణంలోనే ఆ రక్షణ పలచబడింది.

మరి వదిన డబ్బులెలా తీసుకోవాలి? చిన్న దుకాణం చెయ్యాల్సిన పని విచిత్రంగా ఉంటుంది. కార్డు నంబర్‌కి మంచి తాళం వెతకడం కాదు, ఆ నంబర్ తన గుమ్మం తొక్కకుండా చూసుకోవడం. కొనేవాళ్లు "డబ్బు కట్టు" అన్న బొత్తాం నొక్కగానే వాళ్లని రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న పేమెంట్ సంస్థ సొంత పేజీకి పంపించెయ్యాలి. నంబర్ టైపు చేసేది అక్కడ. ఓటీపీ సరిపోయాక అక్కడినుంచి అది వ్యాపారి తరఫు బ్యాంకుకి, కార్డు నెట్‌వర్క్‌కి, కార్డు ఇచ్చిన బ్యాంకుకి వెళ్లి, ఒప్పుకోలు అదే దారిన వెనక్కొస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. వదిన సర్వర్‌కి చేరేది మూడే ముక్కలు: ఫలానా ఆర్డర్, ఫలానా మొత్తం, చెల్లింపు అయింది. డబ్బు ఒకట్రెండు రోజుల్లో ఖాతాలో పడుతుంది. ఇది మొదటి పద్ధతి.

రెండో పద్ధతిలో కార్డు నంబర్ రాసే గళ్లు దుకాణం పేజీలోనే కనబడతాయి, కానీ ఆ గళ్లు నిజానికి పేమెంట్ సంస్థవి. మన గోడకి వాళ్ల కిటికీ బిగించినట్టు. మూడోది, నంబర్ని మన సర్వరే తీసుకుని ముందుకి పంపడం. ఈ మూడోదాని జోలికి చిన్న దుకాణం పోనేకూడదు. మొదటి పద్ధతి ఎంచుకుంటే, నియమాలు పాటిస్తున్నామని దుకాణం నింపాల్సిన పీసీఐ ప్రశ్నపత్రం కొద్ది ప్రశ్నలతోనే తేలిపోతుంది. మూడోది ఎంచుకుంటే రెండు వందలకు పైగా ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాలి.

పేమెంట్ సంస్థకి కమిషన్ ఎందుకివ్వాలని వదిన అడిగింది. ప్రతి అమ్మకంలో కొంత శాతం పోవడం ఏ వ్యాపారికైనా మంటే. అయినా రాత్రి నిద్రపట్టడానికి అది తక్కువ ధరే అన్నాను.

ఇక్కడికి పని అయిపోయిందనుకుంటే పొరపాటు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి జరిగింది చూడండి. ఆ సంస్థ వెబ్‌సైట్ వాడుతున్న ఒక మామూలు స్క్రిప్టు ఫైలు చివర దొంగలు 22 వరుసల కోడ్ చేర్చారు. టికెట్ కొనేవాళ్లు బొత్తాం నొక్కగానే, టైపు చేసిన పేరూ కార్డు నంబరూ సీవీవీ అన్నీ విమానయాన సంస్థకి వెళ్తూనే, ఒక నకలు బీఏవేస్ డాట్ కామ్ అనే చిరునామాకి కూడా వెళ్లింది. చదవగానే ఆ సంస్థదే అనిపించే పేరు. దానికి తాళం గుర్తు కూడా ఉంది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 5 దాకా ఎవరూ గమనించలేదు. దాదాపు 3,80,000 చెల్లింపుల వివరాలు పోయాయని సంస్థ మొదట ప్రకటించింది. 2020 అక్టోబర్‌లో బ్రిటన్ సమాచార కమిషనర్ వేసిన జరిమానా 2 కోట్ల పౌండ్లు.

చిరునామా పక్కన కనబడే తాళం గుర్తుకి అర్థం, దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే. దారి చివర కూర్చున్నవాడు మంచివాడని అది ఎప్పుడూ చెప్పదు. గట్టిగా మూసిన కవరు దొంగ చిరునామాకి కూడా భద్రంగానే చేరుతుంది.

వదిన సైట్‌లో నేను చూసినప్పుడు బయటివాళ్ల స్క్రిప్టులు తొమ్మిది కనబడ్డాయి. పండగ దీపాలు మిణుకుమిణుకుమనిపించేది ఒకటి, ఎవరో ఒకరు ఇప్పుడే చీర కొన్నారని అబద్ధం చెప్పే పెట్టె ఒకటి, రెండేళ్లుగా ఎవరూ తెరవని సందర్శకుల లెక్కలవి రెండు. చెల్లింపు పేజీ వేరేవాళ్లదే అయినా, మన పేజీని మార్చగలిగినవాడు అక్కడికి తీసుకెళ్లే లింకునీ మార్చగలడు. చెల్లింపు జరిగే పేజీలో ఏ స్క్రిప్టు ఎందుకుందో జాబితా రాసి కాపలా కాయాలని పీసీఐ కొత్త నియమాలు 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి చేశాయి. పేమెంట్ సంస్థ పేజీకే పంపించే చిన్న దుకాణాలకి అంత పట్టింపు లేకపోయినా, ఆ జాబితా రాసుకుంటే పోయేదేమీ లేదు. వదిన సైట్‌లో తొమ్మిదీ రెండయ్యాయి. దీపాలు పోయినందుకు మాత్రం ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంతకన్నా చిన్న దొంగతనం ఒకటి ఆమెకి ముందే జరిగింది. ఒకరోజు 6,800 రూపాయల చీరకి 68 రూపాయలు జమయ్యాయి. ఆర్డర్ మాత్రం "చెల్లింపు పూర్తి" అని చూపించింది. చీర వెళ్లిపోయింది కూడా. చుక్క ఎక్కడో జారిందనుకుంది. కారణం వేరే. సైట్ కట్టిన కుర్రాడు చీర ధరని కొనేవాళ్ల బ్రౌజర్‌లోనే ఉంచి, అక్కడినుంచే పేమెంట్ సంస్థకి పంపేలా రాశాడు. బ్రౌజర్ కొనేవాడి చేతిలోది, అందులో అంకె మార్చడం బడిపిల్లలకి కూడా వచ్చు. ధర ఎప్పుడూ దుకాణం సర్వర్‌లో ఉన్న పట్టీలోంచే రావాలి.

అలాగే "చెల్లింపు అయింది" అన్న కబురు బ్రౌజర్ మోసుకొస్తే నమ్మకూడదు. బజార్లో నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్లు ఉన్నారని తెలిసిందే, ఇదీ అదే బాపతు. పేమెంట్ సంస్థ పంపే కబురుతో పాటు ఒక సంతకం వస్తుంది. ఆర్డర్ సంఖ్యనీ చెల్లింపు సంఖ్యనీ వాళ్లకీ మనకీ మాత్రమే తెలిసిన రహస్య తాళంతో కలిపి రుబ్బితే వచ్చే 64 అక్షరాల పొడవున్న వరుస అది. మన సర్వర్ కూడా అదే రుబ్బు రుబ్బి, రెండూ అక్షరం పొల్లుపోకుండా సరిపోతేనే చీర కట్టాలి. ఒక్క అంకె మారినా వరుస మొత్తం మారిపోతుంది. ఆ రహస్య తాళాన్ని పేజీలో రాసిపెట్టడం, స్నేహితుడికి మెయిల్ చెయ్యడం, అందరూ చూసే చోట కోడ్‌తో పాటు పెట్టెయ్యడం మన కుర్రాళ్లు మామూలుగా చేసే పొరపాట్లు. వదిన సైట్ కుర్రాడు మొదటిది చేశాడు. తాళం మార్పించాం.

మళ్లీ మళ్లీ కొనేవాళ్ల సంగతి మిగిలింది. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టడం విసుగు కాబట్టి ఒకప్పుడు దుకాణాలే నంబర్లు దాచుకునేవి. 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో అది కుదరదు. కార్డు ఇచ్చిన బ్యాంకూ, నెట్‌వర్కూ తప్ప ఇంకెవరూ అసలు నంబర్ ఉంచుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. గుర్తు కోసం వ్యాపారి చివరి నాలుగంకెలు, బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు. నంబర్‌కి బదులు దాచుకునేది టోకెన్.

ఆ మాట వినగానే మావయ్యకి పాత రోజులు గుర్తొచ్చాయి. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒకే రైలు ఉండాలి. అందుకు నీల్స్ బాల్ టోకెన్ పరికరం ఉండేది. అవతలి స్టేషన్ మాస్టర్ అక్కడ తన పరికరంతో ఒప్పుకుంటేనే ఇవతల ఒక ఉక్కు బంతి బయటికొస్తుంది. దాన్ని తోలు సంచిలో వేసి, పేము చట్రానికి తగిలించి డ్రైవర్‌కి అందిస్తారు. బంతి చేతిలో ఉంటేనే రైలు ముందుకి కదలాలి. ఒక బంతి బయట ఉండగా రెండు వైపులా ఇంకోటి రాదు. "బంతి మీద ఆ రెండు స్టేషన్ల పేర్లూ చెక్కి ఉంటాయిరా. పక్క సెక్షన్ బంతి తెచ్చి మా పరికరంలో వేద్దామంటే దూరదు, గాడి వేరు. ఎవడైనా ఎత్తుకుపోయినా వాడికది పేపర్‌వెయిట్" అన్నాడు.

కార్డు టోకెన్‌ది సరిగ్గా ఆ గాడే. ఒక కార్డుకి, ఒక దుకాణానికి కలిపి నెట్‌వర్క్ ఇచ్చే వేరే సంఖ్య అది. వదిన దుకాణానికి ఇచ్చిన టోకెన్ ఇంకో దుకాణంలో దూరదు. దాన్నిబట్టి అసలు నంబర్ లెక్కకట్టడం కుదరదు, ఆ జత రాసున్న పుస్తకం నెట్‌వర్క్ దగ్గర తాళంలో ఉంటుంది. పేరునీ తాళంచెవినీ ఒకటి చేసిన పాత తప్పుని ఇన్నాళ్లకి రెండు వైపుల నుంచీ దిద్దినట్టయింది. ప్రైవేట్ నంబర్ లాంటి ఓటీపీతో తాళంచెవి వేరైంది, బంతి లాంటి టోకెన్‌తో పేరు వేరైంది. రైల్వేవాళ్లు ఇదంతా ఎప్పుడో చేశారని మావయ్య గర్వం. నేను కాదనలేదు.

అమెరికా కొనుగోళ్ల దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. మన ఓటీపీ నియమం మన దేశంలో ఇచ్చిన కార్డులకే వర్తిస్తుంది. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఇచ్చిన కార్డు ఏ రెండో రుజువూ లేకుండా గడిచిపోవచ్చు. దొంగ కార్డుతో చీర కొన్నారనుకోండి, అసలు యజమాని చూసుకుని నెలల తర్వాతైనా "ఇది నేను కొనలేదు" అంటే డబ్బు వెనక్కి పోతుంది. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. చీరా పోతుంది, డబ్బూ పోతుంది. రెండో రుజువు అడిగి కట్టించుకున్న చెల్లింపైతే ఆ నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి మారుతుంది. కాబట్టి విదేశీ కార్డులకి కూడా ఆ రుజువు అడిగే అమరిక పెట్టించుకోవాలి. కొరియర్ రసీదూ అందినట్టు సంతకమూ కనీసం ఏడాది పాటు దాచాలి. పేరు ఒకరిది, చిరునామా ఇంకొకరిది, మొదటిసారే ఆరు చీరలు, అర్జెంటు అంటే ఒక ఫోన్ చేసి మాట్లాడాలి. మనవాళ్లయితే మాట్లాడ్డానికి సంతోషిస్తారు కూడా.

విశాఖ ఆవిడకి వదిన ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. కార్డు బ్లాక్ చేయించుకోమంటే ఆవిడ మొదట నొచ్చుకుని, తర్వాత ఒప్పుకుంది. వారం తర్వాత కొత్త కార్డు వచ్చాక వదిన పేమెంట్ లింకు పంపింది. ఆవిడ మనవరాలు పక్కన కూర్చుని కట్టించింది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. చీర కొరియర్‌లో కాకుండా కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్న పక్కింటివాళ్ల చేతిలో వెళ్లింది. అందినట్టు సంతకం ఒక్కటే లేదు.

ఇది చదువుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఫోన్ తీయండి. మీ గ్యాలరీలో, వాట్సాప్‌లో ఎప్పుడో ఎవరికో పంపిన కార్డు ఫొటో, ఎవరో మీకు పంపిన కార్డు ఫొటో ఉందేమో వెతకండి. ఉంటే తీసేసి, చెత్తబుట్టలోంచి కూడా తీసెయ్యండి. అది మీ కార్డైతే బ్యాంకుకి చెప్పి మార్పించుకోండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ముందు బ్యాంకుకి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.